గండికోట సీమ అద్భుత నాటకము - గోజ్జీ నారింజపండ్ల కథ

గండికోట పేరు వినినంతనే చరిత్ర చదివినవారికి పెమ్మసాని నాయకులు జ్ఞప్తికి వత్తురు. 1652లో ఆ కోటను పట్టుకొనిన గోలకొండ సేనాని మీర్‌జుమ్లా జ్ఞప్తికి వచ్చును. సామాన్య ప్రేక్షకునకు 1969లో బి. విఠలాచార్య దర్శకత్వమున వెలువడిన ‘గండికోట రహస్యం’ జ్ఞప్తికి వచ్చును. ఆ చిత్రకథకును కోటయొక్క నిజచరిత్రకును సంబంధము లేదు. అయినను జానపద కథకు ఒక రాజ్యము కావలసివచ్చినప్పుడు ఆ పేరు తోచుట వింత కాదు. ఎఱ్ఱమల కొండలను నిలువున చీల్చుకొని పెన్న పాఱుచుండును. ఆ గండి యంచున, ఎఱ్ఱని ఱాతిగోడల నడుమ, మాధవరాయని గుడియు, రంగనాథుని గుడియు, జుమ్మా మసీదును, ధాన్యాగారమును, చెఱసాలయు ఒక్కచోట నిలిచియున్నవి. ఆ తావు చూచినవాడు మాయలఫకీరు దాగుటకు ఇంతకన్న తగిన చోటు లేదనుకొనును.

ఈ కడప సీమలోనే 1885లో తెలుగువారి అద్భుత నాటకమునకు దీర్ఘకాలము ఇల్లుగా నిలిచిన నటకుటుంబమొకటి పుట్టినది. అదియే సురభి. సురభివారి చరిత్రను, ఇటలీదేశపు వెనిస్ నగరమున 1761లో జరిగిన యొక ప్రదర్శన చరిత్రతో చేర్చి చదువుట ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని. ఈ రెంటి నడుమ పరస్పర ప్రభావము కలదని నా వాదము కాదు. కాని వెనిస్ నాటకము అడుగంటిపోయి, నూటయేబది యేండ్లకు పిమ్మట మఱల లేచినది. అది దేని యాధారముతో లేచినదో తెలిసికొన్నచో, మన నాటకము విషయమున తెలుగు శాఖలు చేయవలసియుండి చేయక విడిచిన పని యేదో తేటపడును.

కార్లో గోజ్జీ (1720-1806) వెనిస్ నగరపు ప్రభువంశీయుడు. వంశము గొప్పది, సంపద తఱిగినది. ఆయన ‘గ్రానెల్లెస్కి’ యను పండితసభలో సభ్యుడు. ప్రాచీన కవుల శుద్ధభాషను కాపాడుట, కొత్త పోకడలను పరిహసించుట ఆ సభవారి వ్రతము. మన గ్రాంథిక వ్యావహారిక వాదములు ఎఱిగినవారికి ఆ సభ యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. వారి పరిహాసమునకు గుఱియైనవారిలో ముఖ్యుడు కార్లో గోల్డోనీ (1707-1793). అంతకు రెండు శతాబ్దములనుండి ఇటలీ రంగస్థలమున ‘కొమ్మేడియా దెల్లార్తే’ యను నటవృత్తి నాటకము నడచుచుండెను. అందు వ్రాతప్రతి యనునది కథాక్రమమును తెలుపు చిన్న పట్టిక మాత్రమే. సంభాషణ యంతయు నటుల నోటనే అప్పటికప్పుడు పుట్టెడిది. పాంతలోనే, బ్రిగెల్లా, తార్తాల్యా, త్రుఫాల్డీనో మొదలగు పాత్రలకు ముఖకవచములు, వేషములు, నడక, యాస స్థిరముగ నుండెడివి. గోల్డోనీ ఈ పద్ధతిని సంస్కరింప బూనెను. ముఖకవచములను క్రమముగ తొలగించి, ప్రతి మాటయు తానే వ్రాసి, వర్తకులను, సేవకులను, బెస్తవారిని వారి నిత్యజీవితముతో రంగము మీదికి తెచ్చెను. ప్రజలు మెచ్చిరి. ఆయనకు పోటీగా పియెత్రో కియారీ యను మఱియొకడు ఆర్భాటముతో కూడిన పద్యనాటకములు వ్రాసెను. ప్రజలు అతనినిగూడ మెచ్చిరి.

జనము గుమిగూడుట గొప్పతనమునకు గుఱుతైనచో, అవ్వలు పిల్లలకు చెప్పు కథతో నేను అంతకు మించిన జనమును రప్పింతునని గోజ్జీ పంతము పట్టెను. ఆయన తన స్మృతులలో ఈ సంగతిని కొంత గర్వముతోనే చెప్పుకొనినాడు. అట్లు పుట్టినది ‘మూడు నారింజపండ్ల మీది వలపు’. 1761 జనవరి 25వ తేదీన సాన్ సామ్వేలే నాటకశాలలో ఆంతోనియో సాక్కీ బృందమువారు దానిని ప్రదర్శించిరి. ఈ సాక్కీ త్రుఫాల్డీనో వేషమున అసమానుడు. ఆయన బృందము పోర్చుగల్లులో నాటకములాడుచుండగా 1755లో లిస్బన్ నగరమున గొప్ప భూకంపము వచ్చినది. అటుపై వారు స్వదేశము చేరిరి. వచ్చిచూచునప్పటికి ఊరిలో గోల్డోనీ, కియారీల జెండాలు ఎగురుచుండెను. ఒక నటకుటుంబమునకు బ్రతుకుదెరువు కావలెను, ఒక ప్రభువునకు పంతము నెగ్గవలెను. ఇంతకన్న పెద్ద సిద్ధాంతమేదియు ఆ నాటకము పుట్టుకలో లేదని నా నమ్మకము.

కథ యిట్టిది. రాజకుమారుడు తార్తాల్యాకు దిగులురోగము పట్టినది. నవ్వినగాని అది తీఱదు. రోగమునకు కారణము అతనికి తినిపించిన చెడ్డ పద్యములు! ఇది కియారీపై విసరిన ఱాయి. నవ్వించుటకు త్రుఫాల్డీనో వచ్చెను. ఉత్సవమున ఫాతా మోర్గానా యను మంత్రగత్తె కాలుజాఱి వెలికిల పడగా రాజకుమారుడు పకపక నవ్వెను. ఆమె కోపించి, మూడు నారింజపండ్లపై వలపు పుట్టి అలమటింతువుగాక యని శపించెను. అతడును త్రుఫాల్డీనోయు క్రెయోంతా యను రాక్షసి కోటకు పోయి ఆ పండ్లను సాధించిరి. పండు కోసినంతనే అందుండి కన్య వెలువడును. దాహము దాహమని యలమటించి, నీరు దొరకక ప్రాణము విడుచును. త్రుఫాల్డీనో తొందరపాటున రెండు పండ్లు కోసి యిద్దరిని పోగొట్టెను. మూడవ కన్యకు రాజకుమారుడు నీరిచ్చి బ్రతికించుకొనెను. స్మెరాల్దీనా యను దాసి మాయచేత ఆ కన్య పావురమగుట, తుదకు శాపము తీఱి పెండ్లి యగుట తక్కిన భాగము. మాంత్రికుడైన చేల్యో గోల్డోనీయనియు, ఫాతా మోర్గానా కియారీయనియు నాటి ప్రేక్షకులందఱు గుర్తించిరి. కథ మాత్రము గోజ్జీది కాదు. నేపుల్సు నగరపు బజీలే 1634-36 నడుమ వెలువడిన తన కథాసంపుటమున ఇట్టి పండ్ల కథను ముందే చెప్పియుండెను.

తెలుగు పాఠకునకు ఇందు కొత్త యేమున్నది? పండులోనుండి కన్య వెలువడుట మనకు తెలిసినదే. శాపము, పక్షిరూపము, రాక్షసి కోట అంతకన్న బాగుగ తెలిసినవి. గోజ్జీ తరువాత వ్రాసిన తొమ్మిది కథానాటకములలో ఈ చుట్టఱికము ఇంకను దగ్గఱది. ‘కాకి’ యను నాటకమున అన్నకొఱకు తమ్ముడు రహస్యము బయటపెట్టి శిలయైపోవును. మన బాలనాగమ్మ కథలో కార్యవర్ధిరాజును అతని సోదరులును మాయలఫకీరు మంత్రమునకు శిలలైరి. ‘లేడి రాజు’ (1762) అను నాటకమున రాజు మృతమైన లేడి శరీరమున ప్రవేశింపగా, దుష్టమంత్రి ఆ సమయము కనిపెట్టి రాజశరీరమును ఆక్రమించుకొనును. ఇది మన విక్రమార్క కథలలోని పరకాయప్రవేశమే. రాజు ప్రాణము చిలుకలో చేరుటయు, వంచకుడు రాజదేహముతో అంతఃపురము చొచ్చుటయు తెలియని తెలుగువాడుండడు.

ఈ కథలు పారశీక కథాసంపుటముల మూలమున ఐరోపా చేరినవి. గోజ్జీ ‘తురందోత్’ (1762) కథను, పెతీ ద లా క్రువా యను ఫ్రెంచి పండితుడు 1710-12 నడుమ ప్రకటించిన ‘వేయిన్నొక్క దినములు’ అను పారశీక కథల సంపుటమునుండి గ్రహించెను. ఇచట గండికోటకు మఱల రావలెను. 1652లో ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే గండికోటకు వచ్చి మీర్‌జుమ్లాను దర్శించినాడు. గోలకొండ సుల్తానునకు అమ్మదలచిన ముత్యములను ముందుగ ఆ సేనానికి చూపవలసియుండెను. అతడు పారశీకము మీదుగా పలుమాఱులు ఈ దేశమునకు వచ్చి పోయినవాడు. అట్టి వర్తకులు నడచిన దారులవెంటనే కథలును నడచినవి. తావెర్నియే మూటలో కథలుండెనని నే ననను. కాని కోటలోని ప్రాతగోడల చెంత నిలిచి వెనిస్ నాటకమును తలచుట అసంగతము కాదని చూపుటకు ఈ మాట చెప్పితిని.

అద్భుతమును నాటకముగ కట్టుట మన సాహిత్యమున లేనిది గాదు గదా యని యొకరు ప్రశ్నింపవచ్చును. నిజమే. నంద్యాల కృష్ణరాజునకు అంకితమైన పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’న మాయారంభయు మాయానలకూబరుడును చేయు తికమక, ఏ హాస్యనాటకమునకైన చాలినంత సరకు. కాని అది ప్రబంధము. రంగస్థలమునకు సంబంధించినంతవఱకు ఈ సీమలో అద్భుతమును పోషించినది తోలుబొమ్మలాట. పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’మున పేర్కొనునాటికే ప్రసిద్ధమైయుండిన యాట అది. అందు రామాయణము నడచుచుండగనే కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు నడుమ దూరుదురు. రావణుడు గర్జించుచుండగా కేతిగాడు ఊరి కరణమును గూర్చియో, ఆ యేటి వానను గూర్చియో మాటాడును. ఆ మాటలు ఏ తాళపత్రమునను లేవు. ఆట నడుపువాడు ఆ రాత్రి, ఆ ఊరిలో, ఆ జనమును చూచి కల్పించినవి. గోజ్జీ చేసినదియు ఇదియే. తరువాతి కథానాటకములలో ఆయన రాజులకును రాణులకును పద్యములు వ్రాసియిచ్చెను. త్రుఫాల్డీనో వంటివారికి పెక్కు తావుల ‘ఇచట ఇట్టి సంగతి జరుగవలెను’ అను సూచన మాత్రమే వ్రాసి, తక్కినది సాక్కీకి విడిచెను. కవి మాట యెచట ఆగవలెనో ఆయన యెఱుగును.

సురభివారి పూర్వులు మరాఠీ మూలము గల, తోలుబొమ్మలాడించు కుటుంబములవారు. వనారస, రేకందార్, సిందే, ఆవేటి మొదలగునవి వారి యింటిపేర్లు. 1885లో సొరుగు అనియు పేరుగల సురభి గ్రామమున ఒక వివాహ సందర్భమున గ్రామపెద్దలు కోరగా, వనారస గోవిందరావు ప్రభృతులు బొమ్మలను ప్రక్కన పెట్టి, తామే వేషములు ధరించి ‘కీచకవధ’ను ఆడిరి. ‘శ్రీ శారదా మనోవినోదినీ సంగీత నాటకసభ’ అటనుండి వెలసినది. బొమ్మ వెనుక నిలిచినవాడు బొమ్మ ముందునకు వచ్చెను. ఈ యొక్క అడుగులో ఉన్న విశేషమును మన నాటకచరిత్రలు తగినంతగ గుర్తింపలేదు. తెరమీద నీడ యెగురును, తల తెగును, మఱల అతుకుకొనును. ఆ చూపునకు అలవాటుపడిన కుటుంబము మనుష్యదేహముతో నాటకమాడబూనినప్పుడు ఆ మహిమలను వదలుకొనుటకు ఒప్పుకొనలేదు. వర్ణచిత్రములతో కూడిన తెరలు, తీగలు, మంటలు క్రక్కు బాణములు, ఘటోత్కచుని నోటిలోనికి తమంతనే యెగిరివచ్చు లడ్డులు అన్నియు ఆ మొండిపట్టునుండి పుట్టినవే. పురుషులే స్త్రీ వేషములు ధరించు కాలమున సురభివారు తమ యింటి స్త్రీలచేతనే ఆ వేషములు వేయించిరి. సంస్కరణాభిలాష యని దీనికి పెద్ద పేరు పెట్టుదురు. కుటుంబమంతయు ఒక్క గుడారమున బ్రతుకునప్పుడు అది సహజముగ జరిగినదని నాకు తోచును. ఆ యింటి ఆడపడుచు సురభి కమలాబాయి తొలి తెలుగు టాకీయైన ‘భక్త ప్రహ్లాద’లో నటించినది. కుటుంబములు పెరిగినకొలది బృందములును పెరిగి, ఒకప్పుడు ముప్పదికి పైబడినవి. ఇరువదవ శతాబ్ది తుదికి వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మిగిలినవి.

ఇక మన గోల్డోనీ యెవరు? సురభి పుట్టుటకు ఐదేండ్లు ముందు, 1880లో, కందుకూరి వీరేశలింగము రాజమహేంద్రవరమున ‘వ్యవహార ధర్మబోధిని’ని ప్రదర్శింపజేసెను. 1892లో గురజాడ ‘కన్యాశుల్కము’ రంగమెక్కినది. నిత్యజీవితము, వ్రాసియిచ్చిన మాట, సంఘవిమర్శ అను గోల్డోనీ త్రోవ ఇది. దత్తమండలముల వైపున ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు బళ్లారిలో సభలు నెలకొల్పి గ్రంథస్థమైన నాటకమునకు గౌరవము తెచ్చిరి. బళ్లారి రాఘవ నటనలో స్వాభావికతను సాధించెను. ఆ రాఘవ 1880లో తాడిపత్రిలో జన్మించినాడు. అదే తాడిపత్రిలో 1912లో జన్మించినవాడు కె.వి. రెడ్డి, ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) చిత్రముల దర్శకుడు. గండికోటకు ఎగువన పెన్న యొడ్డుననే ఉన్న ఒక్క ఊరు, స్వాభావిక నటనకు ఆచార్యుని, అద్భుతకథకు ఆచార్యుని ఇచ్చినది! వెనిస్‌లో ఈ రెండు త్రోవలు పోట్లాడుకొనినవి. 1762లో గోల్డోనీ ఊరు విడిచి పారిస్‌కు పోయెను. మన దేశమున పోట్లాట లేదు. విద్యావంతులు ఒక దానిని సాహిత్యమనిరి, రెండవదానిని వినోదమనిరి, అంతటితో సరి. పోట్లాటయే మేలేమో! గోజ్జీకి పగవాడుండెను గనుక తన పక్షమును వాదించి వ్రాసిపెట్టెను. సురభికి పగవాడు లేడు, వ్రాసిపెట్టినవాడును లేడు.

వ్రాసిపెట్టుట యన్న మాటను కొంత వివరింపవలెను, ఏలయన ఈ వ్యాసమునకు ప్రాణమందే యున్నది. ‘మూడు నారింజపండ్లు’ నాటకమునకు సంభాషణలతో కూడిన ప్రతి లేదు. 1772లో గోజ్జీ దానిని అచ్చువేసినప్పుడు నాటకముగ గాక, ప్రదర్శన వర్ణనముగ అచ్చువేసెను. ఈ రంగమున ఇది జరిగెను, ఇందులకు నేనుద్దేశించిన పరిహాసమిది, ఇచట ప్రేక్షకులు ఇట్లు స్పందించిరి, ఈ తావున త్రుఫాల్డీనో ఇట్టి చేష్టలు చేసెను అని వరుసగ వ్రాసిన వివరణము అది. అక్కడక్కడ కొన్ని పద్యపంక్తులు మాత్రమే కలవు. సాహిత్యదృష్టితో చూచిన అది అసంపూర్ణ గ్రంథము. కాని 1782లో సాక్కీ బృందము చెదరిపోయినది. నటులు మరణించిరి, ఇటలీ వారిని మఱచినది. అంతట నాటకమునకు మిగిలినది ఆ వివరణమొక్కటియే.

జర్మనీలో గోజ్జీకి ఆదరము కలిగినది. 1802లో షిల్లర్ ‘తురందోత్’ను వైమార్ రంగమునకై తిరుగవ్రాసెను. అందు ప్రతి మాటయు కవి మాటయే. విదూషకులు నోరు తమంత తెఱచుటకు తావు లేదు. పుచ్చీనీ సంగీతనాటకము (1926) ఆ శాఖలోనిదే. కథకు కీర్తి దక్కినది, ఆట పోయినది. ఆటను మఱల పట్టుకొనినవారు రష్యనులు. మేయర్‌హోల్డ్ 1914 నుండి 1916 వఱకు పీటర్స్‌బర్గున నడపిన రంగస్థల పత్రికకు ‘మూడు నారింజపండ్ల మీది వలపు’ అనియే పేరు పెట్టెను. అందు తొలిసంచికయందే గోజ్జీ వివరణమును ఆధారము చేసికొని కూర్చిన యొక ప్రదర్శనపాఠమును ప్రకటించిరి. దానినుండి ప్రొకోఫియెవ్ సంగీతనాటకము పుట్టి 1921 డిసెంబరు 30న షికాగోలో ప్రదర్శితమైనది. మఱి రెండు నెలలకు, 1922 ఫిబ్రవరి 28న, మాస్కోలో వాఖ్తాంగోవ్ ‘తురందోత్ రాకుమారి’ రంగమెక్కెను. నటులు చక్కని విందు దుస్తులతో వచ్చి, ప్రేక్షకుల యెదుటనే రంగుగుడ్డలు చుట్టుకొని వేషధారులైరి, తువ్వాలు గడ్డమైనది. కథను నమ్మింపబూనక, కథతో ఆడుకొనుటయే ఆ ప్రదర్శన రహస్యము. కఱవు కాలమున, అంతర్యుద్ధము ముగిసి ముగియని యూరిలో ఆ ఆట చూచి జనము నవ్విరి. దర్శకుడు మాత్రము రోగశయ్యపై నుండి తొలి ప్రదర్శన చూడలేకపోయెను. మే 29న మరణించెను. ఆయన శిష్యులు ఆ ప్రదర్శనను నిలుపుకొనిరి. 1963లో రూబెన్ సీమొనోవ్ దానిని మఱల రంగమెక్కించెను.

తరువాతి కాలమున 1982లో జెనీవాలో బెన్నో బెస్సన్ ‘పచ్చని పక్షి’ని, 1984లో అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున ఆంద్రెయ్ షెర్బాన్ ‘లేడి రాజు’ను ప్రదర్శించిరి. రెండవదానికి ముఖకవచములను, బొమ్మలను కూర్చినది జూలీ టేమర్. ఆమెయే 1996లో ‘పచ్చని పక్షి’ని స్వయముగ దర్శకత్వము వహించి ప్రదర్శించి, 2000లో దానిని బ్రాడ్‌వేకు తెచ్చెను. ఆమె ఆసియాఖండపు బొమ్మలాటలను ఇండొనీషియాలో కొన్నేండ్లు నివసించి అభ్యసించినది. పరకాయప్రవేశ కథ మన వైపునుండి పడమటికి పోయినది. రెండు శతాబ్దముల పిమ్మట దానిని మఱల ఆడుటకు తూర్పుదేశపు బొమ్మలే తోడ్పడినవి.

మన రంగస్థలమున ఇట్టి పునరుజ్జీవనమునకు దగ్గఱగ వచ్చినది, 1990వ దశకము ఉత్తరార్ధమున బి.వి. కారంత్ (1929-2002) సురభి నటులతో చేసిన కృషి. ఆయన వారిచేత ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ నాటకములను ఆడించెను. కడపటిది బ్రెహ్ట్ నాటకమునకు తెలుగు అనుసరణ. మంచివారొక్కరైన ఉన్నారా యని ముగ్గురు దేవతలు భూమికి దిగివచ్చు కథ. ఈ బ్రెహ్ట్ తన కడపటి నాటకములలో నొకదానిని ‘తురందోత్’ కథపైననే వ్రాసెనని తెలిసినప్పుడు, మన దారులు ఎంత చుట్టు తిరిగి ఎచట కలిసినవో కదా యనిపించును. కారంత్ కృషిని నేను తక్కువ చేయను. సురభి నటులు మహిమలు చూపువారు మాత్రమే కారు, నటులని చదువుకొన్న ప్రేక్షకులకు ఆయన తెలియజెప్పెను. కాని ఆయన మెఱుగుపెట్టినది నటులను. ‘బాలనాగమ్మ’, ‘మాయాబజారు’ వంటి వారి సొంత నాటకములు నాటకములుగ పరిశీలింపబడినవా యనునది వేఱు ప్రశ్న. ‘పాతాళభైరవి’ సంగతి చూడుడు. చలనచిత్రము రంగస్థలపు మహిమలను కెమేరాకు నేర్పినది. పిదప ఆ కథనే సురభివారు మఱల రంగము మీదికి తెచ్చుకొని, కెమేరా చేసిన దానిని తీగలతోను తెరలతోను ప్రేక్షకుని కన్నులయెదుట చేసి చూపిరి. 1942లో జెమినీవారి ‘బాలనాగమ్మ’ను చూచిన తరమువారు సురభి ‘బాలనాగమ్మ’ను మానుకొనలేదు. తెరమీద శిలయగుట వేఱు. పదియడుగుల దూరమున ఊపిరి బిగబట్టి మనిషి శిలయై నిలుచుట వేఱు.

వాఖ్తాంగోవ్ చేత గోజ్జీ పాఠముండెను. సాక్కీ నటులు లేరు. అందుచేత తన శిష్యులకు ఆ చేష్టలను మొదటినుండి కల్పించి నేర్పవలసివచ్చెను. మన దగ్గఱ స్థితి తలక్రిందులు. నటులున్నారు, హైదరాబాదు లింగంపల్లిలోని సురభి కాలనీలో ఆఱేడు తరముల విద్య సజీవముగ నున్నది. పాఠము లేదు. పాఠమనగా నా యుద్దేశము పద్యములు, మాటలు కాదు. అవి ఏదో యొక రూపమున దొరకును. గోజ్జీ వ్రాసినట్టి ప్రదర్శన వివరణము లేదు. బాబ్జీయని ప్రసిద్ధి గాంచిన రేకందార్ నాగేశ్వరరావు శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని దశాబ్దములు నడపి, 2013లో పద్మశ్రీ పొంది, 2022లో దివంగతుడైనాడు. అట్టివాడు పోయినప్పుడు పత్రికలు బిరుదులను లెక్కించును. ఏ రంగమున ఏ తెర ముందు దిగవలెనో, ఏ పాటకు హార్మోనియము ఎంత సేపు సాగిన వెనుకవారికి తీగ బిగించుటకు వ్యవధి చిక్కునో, ఆ లెక్కను మాత్రము ఎవరును వ్రాయరు.

పరిశోధక విద్యార్థులు సురభిని గూర్చి వ్రాయలేదని కాదు. వంశవృక్షములు, బృందముల పట్టికలు, ప్రదర్శించిన నాటకముల జాబితాలు కలవు. వాని విలువ వానికున్నది. కాని నాటకమును పరిశీలింపబూనినంతనే మన చేయి అచ్చుపుస్తకమునే వెదకును. పుస్తకములో ‘బాలనాగమ్మ’ పేలవముగ నుండును. నిజమే, ఉండును. ‘మూడు నారింజపండ్లు’ను కథగ చదివినచో అంతకన్న పేలవము. పుస్తకమును బట్టి తీర్పు చెప్పుట, గాలిపటమును పెట్టెలో చూచి ఎగురదనుట వంటిది. ఇందు తప్పు నాయందును కలదు. సురభి నాటకములను గూర్చి తరగతిలో పలుమాఱులు మాటాడియు, ఒక్క ప్రదర్శననైన తెరవెనుక నిలిచి చూచి వ్రాసికొనవలెనని చాల యేండ్లు నాకు తోచలేదు.

పని ఇప్పటికైన ఒక్క నాటకముతో మొదలుపెట్టవచ్చును. ‘బాలనాగమ్మ’ను ఎంచుకొనుట మేలు, కథ అందఱికి తెలిసినది గనుక చూపు ఆటమీద నిలుచును. ఒకే నాటకమును మూడు రాత్రులు చూడవలెను. ఒక రాత్రి ప్రేక్షకులలో కూర్చుండి, ఎచట నవ్విరో, ఎచట పిల్లలు తల్లి కొంగు పట్టుకొనిరో వ్రాసికొనవలెను. ఒక రాత్రి ప్రక్కతెర చాటున నిలిచి, ఎవరు ఏ వేషము విప్పి ఏ తాడు పట్టుకొనుచున్నారో చూడవలెను. ఆ బృందములలో నటుడే తెరలాగువాడు, తెరలాగువాడే నటుడు. మూడవ రాత్రి వాద్యగాండ్ర చెంత కూర్చుండవలెను. హాస్యగాని మాటలను, మూడు రాత్రులలో ఏవి మాఱినవో ఏవి మాఱలేదో సరిచూచి, మాఱనివి పాఠముగను మాఱినవి సూచనలుగను గోజ్జీ పద్ధతినే వ్రాయవలెను. తోలుబొమ్మలాటలోని కేతిగాని మాటలతో వానిని పోల్చుట తరువాతి మెట్టు. నిమ్మలకుంట మొదలగు ఊళ్లలో బొమ్మలాటవారు నేటికిని కలరు. వృద్ధనటులను అడుగవలసిన ప్రశ్నలుగూడ ఇట్టివే కావలెను. మీ తాతగారెవరు, ఏ సన్మానములు పొందితిరి యనునవి ఇదివఱకే అడిగియున్నారు. బాలవర్ధిరాజు ఏడు సముద్రములు దాటి చిలుకను పట్టుకొనినప్పుడు, దాని కాలు విఱిచిన ఫకీరు కాలు విఱుగవలెను, ఱెక్క విఱిచిన చేయి పడిపోవలెను. రంగమున ఈ ప్రక్క చిలుక, ఆ ప్రక్క ఫకీరు. ఒకరినొకరు చూచుకొనరాదు. అప్పుడు కాలము తప్పకుండ సైగ చేయువాడెవడు, ఆ సైగ తబలాలో నుండునా, తెరచాటునుండి వచ్చునా?